రేహానా రెండో రౌండు

రేహానాకు మూడో స్థానం అలవాటైపోయింది. చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ కలిపి తాడేపల్లిగూడెంలో జరిగే జోనల్ పోటీలో, ఇరవై ఏళ్ళలోపు అమ్మాయిల ఎనిమిది వందల మీటర్ల పరుగులో, ఆమె వరుసగా మూడేళ్ళు మూడోదిగానే వచ్చింది. మూడో స్థానానికి పతకం ఉంటుంది, చప్పట్లుంటాయి, మెట్ల మీద నిలబెట్టి తీసే ఫొటో ఉంటుంది. రాష్ట్ర పోటీకి మాత్రం మొదటి ఇద్దరినే పంపుతారు.

"అంత ఆయాసపడి మూడోదానివే అయితే నడిచెళ్ళినా సరిపోయేది కదే," అనేవాడు తండ్రి ఇక్బాల్. అతను కైకలూరు నుంచి చేపలు తోలే లారీ డ్రైవరు. లోడుతో బయల్దేరితే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఇంట్లో ఎవరూ అడగరు. వచ్చినప్పుడల్లా కూతుర్ని ఈ మాటతోనే పలకరించేవాడు. అందులో కోపం లేదు. ఆశ కూడా లేదు.

రేహానా కోరుకున్నది పెద్దదేమీ కాదు. స్కూల్లో ఆటల టీచరు ఉద్యోగం. దానికి వ్యాయామ విద్య కాలేజీలో సీటు కావాలి. ఎంట్రన్స్ రాసింది, ర్యాంకు రాలేదు. మిగిలింది క్రీడల కోటా. అందులో అడుగు పెట్టాలంటే రాష్ట్ర పోటీలో పరిగెత్తినట్టు సర్టిఫికెట్ చూపించాలి. మూడో స్థానం పతకాలు అక్కడ చెల్లవు. పైగా ఈసారి పోటీ ఆమెకు ఆఖరిది. ఆ తర్వాత వయసు దాటిపోతుంది. పెద్దవాళ్ళ విభాగంలో రైల్వే వాళ్ళూ పోలీసు వాళ్ళూ పరిగెడతారు. వాళ్ళ మధ్య రేహానా ఎక్కడుంటుందో రేహానాకే తెలుసు.

ఆమెకు కోచ్ అనదగ్గ మనిషి ఒకరున్నారు. పేరు ఈశ్వరప్రసాద్. తాడేపల్లిగూడెంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జీతం లేదు, ఫీజు లేదు. వారానికి కొన్ని రోజులు గూడెం నుంచి రైల్లో ఏలూరు వచ్చి, స్టేడియంలో ఎవరు కనబడితే వాళ్ళకి పరుగు నేర్పేవారు. ఆయనకొక పట్టుదల ఉండేది. ఎనిమిది వందల మీటర్లంటే ట్రాకు చుట్టూ రెండు రౌండ్లు, అందులో రెండో రౌండు మొదటి రౌండు కంటే వేగంగా తిరగాలి. దీని మీద ఆయన ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించేవారు. మిగతా కోచ్‌లు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వడానికీ కారణముంది. ఆ దూరంలో పెద్ద పెద్ద పరుగులన్నీ చాలావరకు మొదటి రౌండు వేగంగా, రెండో రౌండు ఒళ్ళు బిగబట్టుకుని ఈడ్చుకొచ్చినవే.

"ఈశ్వరప్రసాద్ గారి పిల్లలు గెలుస్తారండి. కాకపోతే పందెం అయిపోయాక గెలుస్తారు," అని ఒకాయన స్టేడియం టీకొట్టు దగ్గర అనేవాడు. ఈశ్వరప్రసాద్ గారు కూడా నవ్వి టీ తాగేవారు. మర్నాడు మళ్ళీ అదే పాఠం.

రేహానా విషయంలో ఆయనకు అర్థం కానిది ఒకటుండేది. ఆ అమ్మాయికి ఊపిరి ఉంది, కాళ్ళున్నాయి. ఒంటరిగా పరిగెత్తమంటే చక్కగా పరిగెడుతుంది. పక్కన ఎవరైనా ఉంటే చాలు, వాళ్ళ భుజానికి భుజం కలిపేస్తుంది. వాళ్ళు దూకితే దూకుతుంది. వాళ్ళు నీరసిస్తే తనూ నీరసిస్తుంది. జోనల్ పోటీలో ఏటా జరిగేది ఇదే. గూడేనికి చెందిన రాజకుమారి అనే అమ్మాయి తుపాకి పేలగానే ముందుకు దూసుకుపోయేది. రేహానా ఆమె పక్కనే ఉరికేది. రాజకుమారి ఆ వేగాన్ని రెండో రౌండులోనూ ఎలాగో నిలబెట్టుకునేది. రేహానాకు చేతనయ్యేది కాదు. సగం దాకా రాజకుమారితో, ఆ తర్వాత వెనక నుంచి వచ్చినవాళ్ళెవరో ఒకరితో, చివరికి మూడో స్థానం.

"నీ పరుగు నువ్వు పరిగెత్తవేంటమ్మా? పెళ్ళికి వెళ్తున్నట్టు జంటగా వెళ్తావేంటి?" అని ఆయన కేకలేసేవారు.

"తెలీదండి. అలా అయిపోద్దండి," అనేది రేహానా.

కారణం ఆయనకు ఏలూరు తంగెళ్ళమూడిలో, వాళ్ళింట్లో తెలిసింది. ఆఖరి పోటీకి సీరియస్‌గా తయారవ్వాలంటే రోజుకు రెండు పూటలా పిల్లను పంపాలని తల్లిని అడగడానికి వెళ్ళారు. ముందు గదంతా మగ్గమే. తల్లి మరియంబీ తివాచీలు నేస్తుంది. ఏలూరు తివాచీలంటే ఒకప్పుడు ఆ వీధి నిండా మగ్గాలుండేవి. ఇప్పుడు ఆ వీధిలో మగ్గం ఉన్న ఇళ్ళను వెతుక్కోవాలి. మరియంబీ పక్కన ఒకప్పుడు చెల్లెలు మెహర్ కూర్చునేది. మెహర్ పెళ్ళయి కైకలూరు వెళ్ళిపోయాక ఆ పీట మీద రేహానా కూర్చుంది. అప్పటికి ఆమెకు కాళ్ళు నేలకు అందేవి కావు.

సారు వచ్చారని మరియంబీ కుర్చీ వేసింది కానీ పని ఆపలేదు. వరుస మధ్యలో ఆపకూడదు. తల్లి ఎడమ అంచు నుంచి ముడులు వేసుకుంటూ మధ్యకు వస్తోంది, కూతురు మధ్య నుంచి కుడి అంచుకు వెళ్తోంది. ఒక్కో ఊలు పోగు నిలువు దారాల పడుగుకు చుట్టడం, బిగించడం, చిన్న కత్తితో తెంచడం. ఇద్దరి చేతులూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. ఇద్దరూ ఒకే క్షణంలో వరుస ముగించారు. అడ్డంగా పేక దారం తోసి, పళ్ళున్న ఇనప దువ్వెనతో కొట్టి, మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

"మీ అమ్మాయి చెయ్యి మీకంటే వేగంగా ఉండాలి కదండీ, కుర్రపిల్ల," అన్నారు ఈశ్వరప్రసాద్ గారు, ఊరికే మాటకి.

"ఉంటదండి. ఉంటే ఏం లాభం? ఒకళ్ళు ముందెళ్ళి కూర్చుంటే రెండోవాళ్ళు కంగారుపడతారు, ముడి వదులైపోద్ది. వదులైతే అటు పక్క లేచిపోద్దండి, సరుకు వంకరొచ్చేత్తది. నా చెయ్యి ఎంత నడిస్తే దాని చెయ్యీ అంతే నడవాలి. నాకీ మధ్య వేళ్ళు పట్టేస్తన్నాయి. అది కూడా నెమ్మదించేసింది పాపం. నేను చెప్పలేదు, అదే తెలుసుకుంది."

ఈశ్వరప్రసాద్ గారు ఆ రెండు జతల చేతుల వైపు చూశారు. తర్వాత, "ఇదన్నమాట," అన్నారు.

"ఏంటండీ?"

"ఏం లేదండి. మీ అమ్మాయికి పక్క మనిషి జబ్బు."

మరియంబీకి కోపం వచ్చింది. "జబ్బేంటండీ, అదే కదండీ పని అంటే!"

అయినా కూతుర్ని పంపడానికి ఆమె ఒప్పుకుంది. మగ్గం మీద రెండో మనిషి లేకపోతే సరుకు ఆలస్యమవుతుందని తెలిసీ ఒప్పుకుంది. ఈ మగ్గం ఎలాగూ తనతోనే పోతుందని ఆమె ఎప్పుడో అనుకుంది. పిల్ల దాని కింద ఉండిపోకూడదని మాత్రమే ఆమె పట్టింపు.

ఈశ్వరప్రసాద్ గారి ఆలోచన ఇలా సాగింది. ఈ పిల్ల పక్కన మనిషి ఉండకూడదు. పందెంలో పక్కన మనిషి లేకుండా ఉండాలంటే ఒకటే దారి, అందరినీ ముందుకు పోనివ్వాలి. మొదటి రౌండు అందరికంటే వెనక, ఒంటరిగా, తన వేగంతో తను తిరగాలి. రెండో రౌండులో వేగం పెంచాలి. అప్పటికి ముందువాళ్ళు అలిసిపోయి ఉంటారు. ఒక్కొక్కరూ వెనక్కి జారతారు. ఇన్నాళ్ళూ నలుగురూ నవ్విన తన పాఠానికి సరిగ్గా సరిపోయే మనిషి ఇన్నాళ్ళకు దొరికిందని ఆయనకు అనిపించింది. ఆ ఉత్సాహంలో ఆయనకు రైలు కూడా తప్పిపోయింది.

ఏలూరు స్టేడియంలో ఒంటరిగా పరిగెత్తడం కుదరదు. పొద్దున్నే వాకింగు వాళ్ళు, పోలీసు సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్ళు, క్రికెట్టు. అందుకని రేహానాను కైకలూరులో పిన్ని మెహర్ ఇంటికి పంపారు. మెహర్ భర్తది ఐసు వ్యాపారం. తెల్లారకముందే ఇంట్లో అందరూ లేస్తారు కాబట్టి పరుగుకు లేవడం ఎవరికీ ఇబ్బంది కాలేదు. ఐసు వేసుకుని కొల్లేటికోట వైపు వెళ్ళే వ్యానులో రేహానా ఎక్కేది. దారిలో చెరువుల మధ్య దిగిపోయేది. అక్కడ మట్టి గట్లు తిన్నగా, కనుచూపు మేర ఉంటాయి. అటూ ఇటూ చేపల చెరువులు. పక్షులు తప్ప పక్కన పరిగెత్తేవాళ్ళుండరు.

ఒక చెరువు చుట్టూ ఉన్న గట్టు సుమారుగా ట్రాకంత ఉందని ఈశ్వరప్రసాద్ గారు తాడుతో కొలిచి తేల్చారు. రోజూ అదే పని. ఒక రౌండు అణుచుకుని, ఒక రౌండు వదిలేసి. మొదట్లో ఆమెకు అణుచుకోవడం రాలేదు. ఎంత నెమ్మదిగా పరిగెత్తాలో ఎవరిని చూసి తెలుసుకోవాలి? ఎదురుగా ఏమీ లేదు. కొన్ని వారాలకు వచ్చింది. రెండో రౌండు మొదలుపెట్టే మలుపు దగ్గర ఒళ్ళు తేలిక కావడం, తొడల్లో ఇంకా బలం మిగిలి ఉండడం ఆమెకు కొత్త. ఇన్నేళ్ళూ ఆ మలుపు దగ్గర ఆమెకు భయమే తెలుసు. ఈశ్వరప్రసాద్ గారు వచ్చిన రోజుల్లో గడియారం చూసుకుని గట్టు మీద ఒక్కరే నవ్వుకునేవారు. రెండో రౌండు మొదటిదాని కంటే వేగంగా వస్తోంది. ప్రతిసారీ వస్తోంది.

ఆ గట్టు మీద ఒకరోజు ఒక అమ్మాయి అడ్డం వచ్చింది. చేతిలో చేపల మేత సంచి, కాళ్ళకు చెప్పుల్లేవు.

"అక్కా, రోజూ పరిగెడతన్నారు, పోటీకాండీ?"

"ఊఁ."

"నేనూ జోనల్‌కి ఎళ్తన్నానండి. నా పేరు హారిక. మాది కొల్లేటికోట. ఇదిగో ఈ చెరువే, మా నాన్న సోమరాజు గారు కాపలా. మీతో పాటు పరిగెత్తనా? ఒక్కద్దాన్నీ పరిగెడతంటే కుక్కలెంట పడతన్నాయండి."

రేహానా తటపటాయించింది. ఆ పిల్ల మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. కానీ సారు చెప్పింది గుర్తుంది. పక్కన ఎవరూ ఉండకూడదు.

"మా సారు ఒప్పుకోరమ్మా. ఒక్కదాన్నే పరిగెత్తాలి."

"మీ సారు ఎక్కడున్నారండీ ఇప్పుడు?" అని హారిక చుట్టూ చూసింది. చెరువులో కొంగలు తప్ప ఎవరూ లేరు.

ఇద్దరూ నవ్వారు. రేహానా మాత్రం ఒప్పుకోలేదు. హారిక ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత ఆమె పక్క గట్టు మీద, నీళ్ళకు అవతల, వేరుగా పరిగెత్తేది. రేహానా అటు చూడకుండా ఉండడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు అది కూడా వచ్చింది. ఆ నెలల్లో ఆమె నేర్చుకోనిది ఒక్కటే, ఒక మనిషి పక్కకు వచ్చి, ఆ మనిషిని దాటిపోవడం. గట్టు మీద దాటడానికి ఎవరూ లేరు. ఈశ్వరప్రసాద్ గారి లెక్కలో అన్నీ ఉన్నాయి. అది లేదు.

పోటీ గూడెంలో ఒక కాలేజీ మైదానంలో జరిగింది. మట్టి ట్రాకు. పొద్దున సున్నం గీతలు గీశారు. మరియంబీ కూడా వచ్చింది. కూతురు పరుగు చూడటం ఆమెకు అదే మొదటిసారి. మైదానం పక్క కానుగ చెట్టు నీడలో, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక్బాల్ రోడ్డు మీదున్నాడు. ఒడిశాలో ఎక్కడో ఆపి ఫోన్ చేశాడు.

"ఏంటే, ఈసారి కూడా మూడేనా?"

"ఇంకా పరిగెత్తలేదు అబ్బా."

"సరే పరిగెత్తు. పడిపోమాకు."

గీత దగ్గర ఎనిమిది మంది నిలబడ్డారు. రాజకుమారి లోపలి వైపు, కొత్త స్పైకు బూట్లతో. హారిక ఆ చివర. ఆమె కూడా ఎవరివో స్పైకులు అరువు తెచ్చుకుంది, వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకుంది. రేహానాను చూసి, "అక్కా, కుక్కల్లేవు ఇక్కడ," అంది. రేహానా నవ్వింది.

తుపాకి పేలింది. రాజకుమారి ఎప్పట్లాగే దూకింది. ఆమె వెనక అందరూ దూకారు. రేహానా దూకలేదు. మొదటి మలుపు తిరిగేసరికి ఆమెకూ ఆమె ముందున్న ఆఖరి అమ్మాయికీ మధ్య పెద్ద ఖాళీ పడింది. మైదానం పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఆ అమ్మాయికి కాలు పట్టేసినట్టుంది."

"కాదండి. ఈశ్వరప్రసాద్ గారి శిష్యురాలు. రేపొస్తది."

ఈశ్వరప్రసాద్ గారు ఏమీ వినడం లేదు. చేతిలో గడియారం పట్టుకుని పెదాలు కదుపుతున్నారు. రేహానా తన వేగంతో తను వస్తోంది. భుజాలు వదులుగా ఉన్నాయి. మొదటి రౌండు ముగిసి గంట మోగినప్పుడు ఆమె అందరికంటే వెనక ఉంది. మరియంబీ టిఫిను డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడింది.

అక్కణ్ణుంచి ఆమె వేగం పెంచింది. చూసినవాళ్ళు ఆ రెండో రౌండు గురించి తర్వాత కూడా మాట్లాడుకున్నారు. ఏడో అమ్మాయిని మలుపు రాకముందే దాటింది. ఆ అమ్మాయి అప్పటికే నడక లాంటి పరుగులో ఉంది, పక్కకు వచ్చిందీ పోయిందీ తెలియలేదు. ఆరో, అయిదో అమ్మాయిలు కలిసి కూలబడుతున్నట్టు వెనక్కి వచ్చారు. వాళ్ళను బయటి వైపు నుంచి దూరంగా దాటింది. నాలుగో స్థానంలో ఉన్న అమ్మాయినీ, ఆ ముందున్న మూడో అమ్మాయినీ అలాగే దాటింది. ఆఖరి మలుపు దాటేసరికి ముందు ఇద్దరే మిగిలారు. రాజకుమారి చాలా ముందుంది, ఆమె అందదు. ఆమెతో పని కూడా లేదు. రెండో స్థానంలో హారిక ఉంది. హారిక కాళ్ళు తడబడుతున్నాయి. తల పక్కకు వాలిపోతోంది. అరువు స్పైకుల్లో ఒకటి మడమ దగ్గర జారుతోంది.

గీత ఇంకా దూరం ఉండగానే రేహానా ఆమె భుజం దగ్గరకు వచ్చింది.

"అంతే! దాటెయ్! దాటెయ్యమ్మా!" అని ఈశ్వరప్రసాద్ గారు అరుస్తున్నారు. ఇందాక నవ్వినవాళ్ళు కూడా అరుస్తున్నారు.

రేహానా దాటలేదు. ఆమె అడుగు హారిక అడుగుతో కలిసింది. ఎడమ కాలు ఎడమ కాలితో, కుడి కాలు కుడి కాలితో. హారిక నెమ్మదిస్తోంది, రేహానా నెమ్మదిస్తోంది. చూసేవాళ్ళకు ఆమె అలిసిపోయిందనే అనిపించింది. ఇద్దరూ అలాగే, తాడు కట్టినట్టు, గీత దాకా వచ్చారు. చివర్లో హారిక కింద పడబోతూ ఛాతీ ముందుకు వేసింది. రేహానా నిటారుగా ఉంది. గీత దగ్గర కూర్చున్న వాళ్ళకు సందేహం కూడా రాలేదు. రెండు, హారిక. మూడు, రేహానా.

హారిక సున్నం గీత మీదే బోర్లా పడింది. రేహానా నిలబడే ఉంది. ఆమె ఆయాసపడుతున్న తీరు చూస్తే ఇంకొక సగం రౌండు తిరగగలదని పరుగు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. కిందకు వంగి హారిక చెయ్యి పట్టుకుని లేపింది. "సారీ అక్కా," అంది హారిక, ఎందుకు అంటోందో తెలియకుండానే. తర్వాత వాంతి చేసుకుంది.

ఈశ్వరప్రసాద్ గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. మొహం వెలిగిపోతోంది. గడియారం ఆమె కళ్ళ ముందు పెట్టారు.

"చూశావా! రెండో రౌండు వేగం! ఎనిమిది మందిలో నీ ఒక్కదానిదే! వాళ్ళందరివీ పడిపోయినాయి, నీది పెరిగింది! నేను చెప్పానా లేదా?"

"మూడేనండి, సార్," అంది రేహానా.

ఆయన ఆగారు. గడియారం వైపు, ఆమె వైపు చూశారు. ఆ గడియారం పట్టుకున్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

ఏలూరు తిరిగి వెళ్ళే రైల్లో తల్లీకూతుళ్ళకు కిటికీ పక్క సీట్లు దొరికాయి. టిఫిను డబ్బా అలాగే ఉంది. చాలాసేపటికి మరియంబీ అడిగింది.

"ఆ పిల్ల పక్కకి వచ్చేసరికి నీకు ఊపిరి ఉందా?"

"ఉంది అమ్మీ."

"కాళ్ళు?"

"ఉన్నాయి."

"మరి?"

రేహానా కిటికీలోంచి బయటకు చూస్తూ, "పక్కకొచ్చాక ఇంక అక్కడే ఉండాలనిపించింది అమ్మీ. దాటాలని గుర్తుంది. సారు అరుస్తున్నది వినబడింది. చెయ్యలేకపోయాను," అంది.

మరియంబీ తన చేతుల వైపు చూసుకుని, చెంగు కింద దాచుకుంది. మర్నాడు పొద్దున రేహానా మగ్గం దగ్గరకు వచ్చేసరికి రెండో పీట లేదు. మరియంబీ దాన్ని మేడ మెట్ల కింద పడేసింది. "నేనొక్కదాన్నే నేసుకుంటాను. చిన్నవి, నమాజు తివాచీలు. నువ్వింక రామాకు," అంది. రేహానా ఎంత బతిమాలినా వినలేదు. అది కోపం కాదని రేహానాకు తెలుసు, అందుకే ఎదురు చెప్పలేకపోయింది. ఆ పీట తీసేసినా ఇప్పుడు మారేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

రాష్ట్ర పోటీకి రాజకుమారి, హారిక వెళ్ళారు. హారిక ఫైనలుకు ముందు జరిగే హీట్స్‌లోనే ఆఖరున వచ్చింది. వెళ్ళినందుకు సర్టిఫికెట్ మాత్రం ఇచ్చారు. ఇంట్లో పరిస్థితి బాగోక ఆమె ఏ కాలేజీకీ అప్లై చేయలేదు. వ్యాయామ విద్య కాలేజీ పేరు కూడా ఆమె వినలేదు. ఆ సర్టిఫికెట్ కొల్లేటికోటలో వాళ్ళ ఇంటి గోడకు వేలాడుతోంది. రేహానా ఒకసారి పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు చూసింది. "మీరే వచ్చుంటే బాగుండేదక్కా, అక్కడ నాకు అన్నం కూడా సయించలేదు," అంది హారిక. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. రేహానా టీ తాగి వచ్చేసింది.

రేహానా ఇప్పుడు ఏలూరులో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. పొద్దుటి నుంచి షట్టరు దించేదాకా నిలబడే పని. చీరల కౌంటరు దగ్గర ఇద్దరు అమ్మాయిలుంటారు. ఒకరు చీర విప్పితే రెండోవాళ్ళు రెండో కొస పట్టుకోవాలి. ఆమెతో పనిచేయడం చాలా సుఖమని అక్కడ అందరూ అంటారు. షాపు యజమాని ఆమెకు ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్ళనే జత చేస్తాడు.

ఆమె పరుగు మానేసి ఏడాది దాటాక ఈశ్వరప్రసాద్ గారు షాపుకు వచ్చారు. చీరలు కొనడానికి కాదు. బాగా చిక్కిపోయారు. నల్లజర్ల నుంచి పింకీ అనే పిల్ల వస్తోందని, మంచి కాళ్ళున్నాయని, కాకపోతే భయస్తురాలని చెప్పారు.

"పక్కన ఎవరైనా ఉంటే ధైర్యంగా పరిగెడుతుందమ్మా. వెనకబడిపోతానని దానికి భయం. తెలిసిన కోచ్‌లు దీని పక్కన పరిగెత్తడానికి వాళ్ళ పిల్లల్ని ఇచ్చారు. వాళ్ళు దాటిపోతారు, ఇది ఏడుస్తుంది." ఆయన మాట వెతుక్కున్నారు. "నువ్వయితే..."

"దాటను కదండీ," అంది రేహానా.

"అలా కాదమ్మా."

"పర్లేదండి. ఆదివారం వస్తాను. ఆ రోజు షాపు కాస్త ఆలస్యంగా తీస్తారు."

ఆదివారం పొద్దున ఏలూరు స్టేడియంలో క్రికెట్టు వాళ్ళు ఇంకా రాలేదు. రేహానా పాత బూట్లే వేసుకుని వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉన్న పింకీ గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

"ఈ అక్క నీ పక్కనే ఉంటుంది. మొదటి రౌండు నెమ్మది, రెండో రౌండు వేగం. అక్క ఎక్కడికీ పోదు," అని ఈశ్వరప్రసాద్ గారు పింకీకి చెప్పారు.

ఇద్దరూ బయల్దేరారు. మొదటి రౌండు బాగానే నడిచింది. పింకీ మాటిమాటికీ పక్కకు చూస్తోంది, రేహానా ఉంది. అడుగు అడుగుకూ ఉంది. గంట లేదు కాబట్టి ఈశ్వరప్రసాద్ గారు చప్పట్లు కొట్టారు. రెండో రౌండు మొదలైంది. ఇప్పుడు వేగం పెంచాలి. పింకీ పెంచబోయింది. కొంత దూరం పెంచింది కూడా. అవతలి మలుపు దగ్గర పిల్లకు డొక్కలో నొప్పి వచ్చింది. చెయ్యి డొక్క మీద పెట్టుకుంది. అడుగు చిన్నదైంది.

"రేహానా, నువ్వు తగ్గకు! లాగు దాన్ని! నువ్వు ముందుంటేనే వస్తుంది!" అని ఆయన ఇవతలి నుంచి అరిచారు.

రేహానాకు వినబడింది. ముందుకు వెళ్ళాలని ఆమెకూ ఉంది. పింకీ అడుగు ఇంకా చిన్నదైంది, రేహానా అడుగూ చిన్నదైంది. ఇద్దరూ ఆ మలుపు అలాగే తిరిగారు. చివరికి పింకీ నడవడం మొదలుపెట్టింది.

ఈశ్వరప్రసాద్ గారు గడియారం ఆపేశారు. మళ్ళీ ఆదివారం రమ్మని ఆయన అడగలేదు. రేహానా పింకీకి నీళ్ళ సీసా ఇచ్చి, డొక్క పట్టేస్తే చెయ్యి పైకెత్తి ఊపిరి వదలాలని చూపించి, షాపుకు వేళవుతోందని వెళ్ళిపోయింది.